రాజ్యాంగం చేతిరాత ప్రతి, పార్లమెంటులోని మరికొన్ని అపురూప వస్తువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా రాజ్యాంగ దినోత్సవం నాడు, నవంబరు 26న, మా బడిలో రాజ్యాంగం చేతిరాత ప్రతికి తీసిన నకలు ఒకటి బల్ల మీద పరిచి పెడతాం. పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లు అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే. అందులో సగం వాట్సాప్ నుంచి వచ్చినవి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వస్తూనే ఉన్నాయి కాబట్టి అన్నిటినీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రాసినప్పటి సంగతులు

రాజ్యాంగం మొత్తం అంబేద్కర్ గారే తన చేత్తో రాశారా?

చేతిరాత ఆయనది కాదు. కలం పట్టి ఇంగ్లీషు ప్రతిని రాసినది ఢిల్లీకి చెందిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. అంబేద్కర్ 1947 ఆగస్టు 29న ఏర్పడ్డ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు. ఒక్కో అధికరణాన్నీ రాజ్యాంగ సభ ముందు పెట్టి, వచ్చిన అభ్యంతరాలకు జవాబు చెప్పి, మొత్తాన్ని గట్టెక్కించింది ఆయనే. తొలి చిత్తుప్రతి తయారుచేసిన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావును, పదాలు కూర్చడంలో ఎస్.ఎన్. ముఖర్జీ నేర్పును 1949 నవంబరు 25 నాటి ప్రసంగంలో అంబేద్కరే స్వయంగా మెచ్చుకున్నారు. "రాసింది ఆయన కాదంట" అంటూ ఆయన పాత్రను తగ్గించేవాళ్లు ఈ రెండు పనుల్నీ కలిపేస్తున్నారు. వ్యాసుడు చెప్తూ ఉంటే వినాయకుడు రాశాడు. అంతమాత్రాన భారతం వ్యాసుడిది కాకుండా పోయిందా?

ప్రేమ్ బిహారీ ఒక్క పైసా కూడా తీసుకోలేదంట, నిజమేనా?

అవును, అలాగే చెప్తారు. నెహ్రూ అడిగినప్పుడు ఆయన డబ్బు వద్దని, ఒక కోరిక మాత్రం కోరారట: ప్రతి పేజీలో తన పేరు, ఆఖరి పేజీలో తన పేరుతో పాటు తాతగారి పేరు ఉండాలని. ఆయనకు అక్షరాలు దిద్దించింది ఆ తాతగారే, రామ్ ప్రసాద్ సక్సేనా. నకలు మీకు దొరికితే ఏ పేజీ అయినా తీసి అడుగు భాగం చూడండి, చిన్న అక్షరాల్లో "ప్రేమ్" అని కనిపిస్తుంది. మా పిల్లలు మొదట వెతికేది దాన్నే. రుసుము బదులు గురువు పేరు అడిగిన మనిషి కథ వాళ్లకు వెంటనే పట్టుకుంటుంది.

ఎంత కాలం పట్టింది? ఎక్కడ కూర్చుని రాశారు?

దాదాపు 6 నెలలు. ఇప్పుడు కాన్‌స్టిట్యూషన్ క్లబ్ అని పిలిచే చోట ఆయనకు ఒక గది ఇచ్చారు. అక్షరాలు కొద్దిగా కుడికి వాలి, ఒకే ఒరవడిలో పేజీల తరబడి సాగుతాయి. ముంచి రాసే కలాలకు 432 నిబ్బులు అరిగిపోయాయని చెప్పుకుంటారు. తొలి రాజ్యాంగంలో 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. ఒకే చేయి ఆ పొడవునా తడబడకుండా సాగింది.

అసలు ప్రతి ఒకటేనా?

మూడు. సభ్యులు సంతకాలు చేసిన రోజు బల్ల మీద మూడు ప్రతులున్నాయి: బొమ్మలతో ఉన్న ఇంగ్లీషు చేతిరాత ప్రతి, అచ్చు వేసిన ఇంగ్లీషు ప్రతి, హిందీ చేతిరాత ప్రతి. హిందీది వసంత్ కృష్ణ వైద్య రాశారు. హిందీ ప్రతికి ఆనాడు అనువాదం హోదానే ఉండేది. 1987లో 58వ సవరణ 394ఎ అధికరణాన్ని చేర్చాకే హిందీ పాఠానికి అధికారిక హోదా వచ్చింది.

అచ్చుయంత్రాలు ఉన్న కాలంలో చేత్తో రాయించడం ఎందుకు?

చట్టం అవసరాలకైతే అచ్చు ప్రతి చాలు, దాని మీదా సంతకాలు చేశారు. చేతిరాత ప్రతిని తలపెట్టింది మరో ఉద్దేశంతో. స్వతంత్ర దేశం తన మొదటి రాజ్యాంగాన్ని ఈ నేల పనివాళ్ల చేతుల మీదుగా, ఈ నేల చిత్రకళతో నిలుపుకోవాలనుకుంది. తర్వాత దాన్ని ఫొటో తీసి, డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ముద్రణాలయంలో 1,000 నకళ్లు వేశారు. సర్వే ఆఫ్ ఇండియా అంటే దేశం పటాలు గీసే కార్యాలయం. సన్నటి గీతలు, రంగులు చెదరకుండా అచ్చు వేయడం వాళ్లకు రోజూ చేసే పని.

## బొమ్మల గురించి

బొమ్మలు ఎవరు వేశారు?

శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్, ఆయన శిష్యులు. పీఠిక పేజీ చుట్టూ ఉన్న సన్నటి అల్లిక పని జబల్‌పూర్‌కు చెందిన బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హాది. నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని గీసిన బృందంలో దీనానాథ్ భార్గవ ముఖ్యుడు. అప్పటికి ఆయన విద్యార్థి. సింహం తల తిప్పడం, నోరు తెరవడం ఎలా ఉంటాయో చూడమని గురువు చెప్తే, కలకత్తా జంతుప్రదర్శనశాలకు మళ్లీ మళ్లీ వెళ్లి గమనించాడని అంటారు.

ప్రాథమిక హక్కుల దగ్గర రాముడి బొమ్మ ఉందంటున్నారు. ఫేకా?

ఫేక్ కాదు, ఉంది. రాజ్యాంగంలోని 22 భాగాల్లో ఒక్కోదానికి తలకట్టుగా ఒక బొమ్మ ఉంటుంది. ప్రాథమిక హక్కులున్న 3వ భాగానికి సీతారామలక్ష్మణులు, ఆదేశిక సూత్రాలున్న 4వ భాగానికి కృష్ణార్జునులు. అయితే ఈ రెండు బొమ్మల్నే కత్తిరించి పంపితే చూసేవాళ్లకు మొత్తం కథ అందదు. మొహెంజొదారో ఎద్దు ముద్రతో మొదలై వేదకాలపు గురుకులం, బుద్ధుడు, మహావీరుడు, అశోకుడి కాలం, నలందా, నటరాజు, మహాబలిపురం శిల్పం, అక్బరు, శివాజీ, గురు గోవింద్ సింగ్, టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి, దండి యాత్ర, నౌఖాలీలో గాంధీజీ, నేతాజీ వరుసగా వస్తారు. చివరి మూడింట్లో మనుషులకంటే నేలే ముఖ్యం: హిమాలయాలు, ఎడారి, సముద్రం. ఇది దేశం తన గతాన్ని తాను చెప్పుకున్న క్రమం. మొదటి నుంచి చివరి వరకు ఒకసారి వరసగా తిప్పి చూడండి, విడిగా చూసినప్పుడు తట్టనిది అప్పుడు తడుతుంది.

బొమ్మలకు చట్టపరంగా బలం లేదు. కోర్టులో చెల్లేది అధికరణంలోని మాటలే.

మన తెలుగు నేలను చూపించే బొమ్మ ఏదైనా ఉందా?

ప్రత్యేకంగా ఇది తెలుగు నేలది అని చెప్పుకునే బొమ్మ ఆ 22లో లేదు. అమరావతి స్తూపం గానీ, నాగార్జునకొండ గానీ, కాకతీయుల తోరణం గానీ కనిపించవు. పక్కన ఒడిశా శిల్పం ఉంది, దక్షిణాన మహాబలిపురం ఉంది. అమరావతి శిల్పం ఒక్కటైనా ఉంటే ఎంత బాగుండేదో అని నకలు తిప్పినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

నేను కొన్న రాజ్యాంగం పుస్తకంలో బొమ్మలే లేవు. మోసపోయానా?

లేదు. లాయర్లు, విద్యార్థులు వాడే పుస్తకాల్లో పాఠం మాత్రమే వేస్తారు, సవరణలన్నీ అందులోనే కలిపి ఉంటాయి. ఈ విషయం 2025 ఫిబ్రవరిలో రాజ్యసభలోనూ చర్చకు వచ్చింది. పరీక్షకు చదవడానికి, హక్కు తెలుసుకోవడానికి కొత్త సవరణలున్న మామూలు పుస్తకమే కొనండి. బొమ్మల కోసమైతే చేతిరాత ప్రతికి తీసిన నకలు వేరుగా దొరుకుతుంది.

అసలు పీఠికలో సామ్యవాద, లౌకిక అనే మాటలు లేవంట కదా?

లేవు. 1950 నాటి పీఠికలో "సార్వభౌమ ప్రజాస్వామ్య గణతంత్రం" అనే ఉంది. సామ్యవాద, లౌకిక అనే మాటల్ని, ఐక్యత పక్కన సమగ్రత అనే మాటను 1976లో 42వ సవరణ చేర్చింది. పాత పేజీ ఫొటో పెట్టి "ఇప్పటి పీఠిక నకిలీ" అనడం తప్పు, ఇప్పటి పీఠిక ఫొటో పెట్టి "1950 నుంచీ ఇలాగే ఉంది" అనడమూ తప్పే. పాతది ఆనాటి రూపానికి సాక్ష్యం, ఇప్పుడు అమల్లో ఉన్నది సవరించిన పాఠం.

## సంతకాల గురించి

సంతకాలు నవంబరు 26నే చేశారా?

ఆ రోజు కాదు. 1949 నవంబరు 26న సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. సభ్యులు వరసగా వచ్చి సంతకాలు చేసింది 1950 జనవరి 24న. మొత్తం 284 మంది. బాబూ రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ఎన్నికైనట్టు ప్రకటించింది, జనగణమన జాతీయగీతమని చెప్పింది కూడా అదే రోజు. రెండు రోజుల తర్వాత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

సంతకాల పేజీలో రాజేంద్రప్రసాద్ సంతకం అలా ఇరుక్కుని ఉందేం?

నెహ్రూ ముందుగా సంతకం చేసేశారని, సభాధ్యక్షుడి కోసం పైన చోటు మిగల్చలేదని, అందుకే రాజేంద్రప్రసాద్ ఆఖరి వాక్యానికీ నెహ్రూ సంతకానికీ మధ్య ఉన్న సందులో ఏటవాలుగా చేయాల్సి వచ్చిందని చెప్తారు. పేజీ చూస్తే ఆ ఇరుకు కళ్లకు కనిపిస్తుంది. అచ్చు పుస్తకంలో ఇలాంటివి మిగలవు.

తెలుగువాళ్లు ఎవరెవరున్నారు?

రాజ్యాంగ సభలో ఆచార్య ఎన్.జి. రంగా, పట్టాభి సీతారామయ్య, టంగుటూరి ప్రకాశం, నీలం సంజీవరెడ్డి, మోటూరి సత్యనారాయణ సభ్యులు. తిరుపతితో ముడిపడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కూడా ఉన్నారు. ముసాయిదా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ది నెల్లూరు ప్రాంతం.

దుర్గాబాయమ్మ పేరు వెతికేవాళ్లకు ఒక మాట. సభ రికార్డుల్లో ఆవిడ "జి. దుర్గాబాయి". చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పెళ్లి 1953లో జరిగింది కాబట్టి దేశ్‌ముఖ్ అని వెతికితే దొరకరు. సరోజినీ నాయుడు సంతకం కోసం వెతికి నిరాశపడేవాళ్లూ ఉన్నారు. ఆవిడ రాజ్యాంగ సభ సభ్యురాలే, కానీ 1949 మార్చి 2న కన్నుమూశారు.

తెలంగాణ తరఫున ఎవరు సంతకం చేశారు?

హైదరాబాద్ సంస్థానం నుంచి రాజ్యాంగ సభకు ప్రతినిధులు వెళ్లలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. భారత రాజ్యాంగం హైదరాబాద్‌కూ వర్తిస్తుందని ఒప్పుకుంటూ నిజాం 1949 నవంబరు 23న ఫర్మానా, అంటే రాజాజ్ఞ, ఇచ్చారు. అప్పటికి ఆమోదానికి మూడు రోజులే మిగిలాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లలు కాసేపు మాట్లాడకుండా ఉండిపోతారు. ఆ పేజీలో మన వైపు చోటు ఖాళీగా ఉండిపోవడం వెనక అంత చరిత్ర ఉంది, దాన్ని దాటేసి పోకూడదు.

గాంధీజీ సంతకం ఏది?

లేదు. ఆయన రాజ్యాంగ సభ సభ్యుడు కాదు. 1948 జనవరి 30న హత్యకు గురయ్యారు, అప్పటికి రాజ్యాంగం ఇంకా ముసాయిదా దశలోనే ఉంది.

## భద్రపరచడం

పెట్టెలో ఉన్నది హీలియమా, నైట్రోజనా?

నైట్రోజన్. పత్రికల్లో, పరీక్షల గైడ్లలో హీలియం అని తరచుగా కనిపిస్తుంది, అందుకే ఇంత గందరగోళం. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, అమెరికాలోని గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేయించిన గాలి చొరబడని పెట్టెల్లో నింపింది నైట్రోజన్. 1994 నుంచి రాజ్యాంగం పార్లమెంటు గ్రంథాలయంలో వాటిలో ఉంటోంది. హీలియం మాట బహుశా అమెరికా నుంచి వచ్చి ఉంటుంది. వాళ్ల స్వాతంత్ర్య ప్రకటనను, రాజ్యాంగాన్ని 1950ల్లో హీలియం నింపిన పెట్టెల్లో పెట్టారు, ఈ శతాబ్దం మొదట్లో దాన్ని తీసి ఆర్గాన్ నింపారు.

గాలి తీసేసి నైట్రోజన్ నింపితే ఏం లాభం?

కాగితం పసుపెక్కడానికి, పెళుసు బారడానికి, రంగు వెలవడానికి పెద్ద కారణం ఆక్సిజన్. వెలుతురు, తేమ, ఢిల్లీ గాలిలోని కాలుష్యం దానికి తోడవుతాయి. నైట్రోజన్ దేనితోనూ అంత తేలిగ్గా కలవదు, మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు అదే, చౌక కూడా. ఆక్సిజన్ లేకపోతే పురుగులు, వాటి గుడ్లు బతకవు. తేమ విషయంలో మాత్రం రెండు వైపులా ప్రమాదమే: ఎక్కువైతే బూజు పడుతుంది, బొత్తిగా లేకపోతే పేజీ ముడుచుకుని పెళుసవుతుంది. కాబట్టి పెట్టె లోపల తేమను మధ్యస్థంగా నిలపాలి.

అంతకు ముందు 40 ఏళ్లు ఎలా దాచారు?

ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టెలో పెట్టేవాళ్లు. మన ఇళ్లలో పట్టుచీరలు దాచినట్టే. అప్పటికి తెలిసిన పద్ధతి అది, అశ్రద్ధ అనలేం.

రాజ్యాంగ సవరణ జరిగినప్పుడల్లా ఆ పెట్టె తెరిచి దిద్దుతారా?

లేదు, ఎప్పుడూ దిద్దలేదు. సవరణ అంటే పార్లమెంటు చేసే వేరే చట్టం. రాష్ట్రపతి ఆమోదం పొంది గెజిట్‌లో అచ్చయ్యాక, కొత్త ముద్రణల్లో దాన్ని కలుపుతారు. చేతిరాత ప్రతి 1950లో ఎలా ఉందో అలాగే ఉంటుంది.

## పార్లమెంటులోని ఇతర వస్తువులు

కొత్త పార్లమెంటులో పెట్టిన సెంగోల్ (రాజదండం) కథ ఏమిటి? ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెప్తున్నారు.

అందరూ ఒప్పుకునేవి ముందు చెప్తాను. తమిళనాడులోని తిరువావడుదురై శైవ మఠం చేయించింది. తయారుచేసింది మద్రాసులోని ఉమ్మిడి బంగారు చెట్టి వారి నగల దుకాణం. వెండి దండానికి బంగారు పూత, పైన నంది, పొడవు సుమారు 5 అడుగులు. 1947 ఆగస్టు 14 సాయంత్రం మఠం వాళ్లు దాన్ని నెహ్రూ ఇంట్లో ఆయనకు అందించారు. తర్వాత చాలా ఏళ్లు అలహాబాద్ మ్యూజియంలో నెహ్రూకు వచ్చిన కానుకల్లో ఒక చేతికర్రగా ఉండిపోయింది. 2023 మే 28న కొత్త లోక్‌సభలో స్పీకర్ కుర్చీ దగ్గర నిలిపారు.

తగవు ఒక్క విషయంలోనే. అధికార మార్పిడికి గుర్తుగా మౌంట్‌బాటన్ చేతి మీదుగా వచ్చిందని ప్రభుత్వ పక్షం చెప్పింది. మౌంట్‌బాటన్ పాత్రకు ఆనాటి పత్రాల్లో ఆధారం లేదని పలువురు చరిత్రకారులు అన్నారు. నా మట్టుకు నేను ఆధారం వైపే నిలబడతాను. ఏ పిల్లవాడైనా అడిగితే, నెహ్రూకు మఠం ఇచ్చిన దండంగానే చెప్తాను. అలా చెప్పినా దాని విలువ ఏమీ తగ్గదు, అంత చక్కటి పని అది.

సెంట్రల్ హాల్‌లో ఏముంది అంత ప్రత్యేకంగా?

రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చున్నది అక్కడే, 1946 డిసెంబరు 9న. అంతకు ముందు అది శాసనసభ్యుల గ్రంథాలయం. గోడల మీద జాతీయ నాయకుల నిలువెత్తు చిత్రాలుంటాయి. వాటిలో గాంధీజీది ఆస్వాల్డ్ బర్లీ అనే బ్రిటిష్ చిత్రకారుడు గీసింది, స్వాతంత్ర్యం వచ్చిన రెండు వారాలకే 1947 ఆగస్టు 28న రాజేంద్రప్రసాద్ ఆవిష్కరించారు. సరోజినీ నాయుడు చిత్రం కూడా అక్కడుంది. 2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి మారాక పాత భవనానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు.

పార్లమెంటులో తెలుగువాళ్ల గుర్తులు ఏమున్నాయి?

ఎన్.టి. రామారావు విగ్రహాన్ని 2013 మే 7న అప్పటి స్పీకర్ మీరా కుమార్ ఆవిష్కరించారు. ఆవరణలో అక్కడక్కడా ఉన్న నాయకుల విగ్రహాలను 2024 జూన్‌లో ప్రేరణా స్థల్ అనే ఒకే చోటికి చేర్చారు. పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని సభామందిరానికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. స్పీకర్‌గా ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. ఆ భవనం ప్రారంభమైంది రెండు నెలల తర్వాత, మే 7న.

## చూడాలనుకుంటే, ఇంట్లో ఉంటే

అసలు ప్రతిని మామూలు మనుషులు చూడొచ్చా?

మ్యూజియంలో బొమ్మ చూసినట్టు టికెట్టు కొని ఎవరైనా వెళ్లి చూసేలా పెట్టలేదు. కానీ డెహ్రాడూన్‌లో వేసిన నకలు పేజీలన్నీ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. పెద్దది చేసి చూస్తే నిబ్బు మలుపులు కూడా తెలుస్తాయి. పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచిది లేదు. కొత్త పార్లమెంటు భవనంలో డిజిటల్ ప్రతి కూడా పెట్టారు.

మా తాతగారి పెట్టెలో బొమ్మలున్న పాత రాజ్యాంగం దొరికింది. అసలుదా?

సంతకాలు చేసిన అసలు ప్రతి కాదు, అది పార్లమెంటు గ్రంథాలయంలో ఉంది. డెహ్రాడూన్‌లో వేసిన 1,000 నకళ్లలో ఒకటి కావచ్చు, లేదా ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన పునర్ముద్రణ కావచ్చు. ముద్రించింది ఎవరు, ఎక్కడ అన్నది మొదటి లేదా ఆఖరి పేజీల్లో చూడండి. తొలి ముద్రణ అయితే విలువైనదే: 2024లో అలాంటి ప్రతి ఒకటి వేలంలో 48 లక్షల రూపాయలు పలికింది. పాత పుస్తకాలు తెలిసిన గ్రంథాలయం వాళ్లకు చూపించండి, అమ్మే ఆలోచన తర్వాత.

ఈలోగా దాన్ని లామినేషన్ చేయించకండి. చిరిగిన చోట టేపు అంటించకండి; ఆ జిగురు పదేళ్లలో గోధుమరంగు మచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది. నాఫ్తలీన్ ఉండలు వద్దు. నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఉతికిన నూలుగుడ్డ చుట్టి, గోడకు ఆనని బీరువా అరలో, ఎండ పడని చోట పెట్టండి. వానాకాలంలో వారానికోసారి తీసి చూడండి, చెదలు కనిపిస్తే పుస్తకాన్ని వెంటనే అక్కడి నుంచి మార్చేయండి. పేజీ తిప్పేటప్పుడు పై మూల పట్టుకోండి, వేలికి ఉమ్మి తడి తగలనివ్వకండి.